నాలుగు గదుల పైన

"గదులెన్ని?"

"నాలుగు!"

"మేడెక్కారా?"

"ఎక్కాం!"

"కత్తెర ఉందా?"

"ఉంది!"

హాలు కప్పు ఎగిరిపోయేలా అరిచారు. అరిచింది బడిపిల్లలైతే చెప్పుకోవడానికేం లేదు. అరిచినవాళ్ళంతా స్కానింగ్ డాక్టర్లు, కాన్పులు చేసే డాక్టర్లు, నర్సులు. జుట్టు నెరిసినవాళ్ళు, కళ్ళజోడు ముక్కు చివరికి జారినవాళ్ళు. పొద్దున్న వచ్చినప్పుడు "ఇదంతా మాకు తెలియందా" అన్నట్టు మూతి ముడుచుకుని కూర్చున్నవాళ్ళే, ఇప్పుడు రెండు చేతులూ పైకెత్తి, మణికట్ల దగ్గర ఒకదాని మీద ఒకటి వేసి, కత్తెర పట్టి మరీ అరుస్తున్నారు. నాకైతే ఒళ్ళు పులకరించిపోయింది. ఎందుకంటే వీళ్ళందర్నీ పోగేసింది నేనే. నెల రోజుల నుంచీ ఫోన్ల మీద ఫోన్లు చేసి, బతిమాలి, వెంటపడి, "ఒక్క రోజు రండి మేడమ్, ఒక్క రోజు రండి సార్" అని ప్రాణం తీసి తీసుకొచ్చాను. ఇంట్లో నన్ను తూనీగ అంటారు. ఒక చోట నిలబడను, గుక్క తిప్పుకోకుండా మాట్లాడతాను అని.

వేదిక మీద మైకు పట్టుకున్నది మా పెద్దమేడమ్. కడుపులో ఉన్న బిడ్డల గుండెల్ని చూడటమే ఆవిడ పని. నేను ఆవిడ దగ్గర జూనియర్ని. ఆవిడ పాఠం చెప్తుంటే సినిమా చూసినట్టు ఉంటుంది.

"మీరు అద్దెకి ఇల్లు చూడ్డానికి వెళ్తారు," అంది ఇందాక. "నాలుగు గదులూ తిరుగుతారు. గోడలు బాగున్నాయి, తలుపులు సరిగ్గా పడుతున్నాయి, ఇల్లు భేషుగ్గా ఉందని సంతకం పెట్టి వచ్చేస్తారు. మేడెక్కి పైపులు చూశారా? మంచినీళ్ళ పైపు ఎటు పోతోంది, మురుగునీళ్ళ పైపు ఎటు పోతోంది చూశారా? చూడరు. ఇంట్లో దిగాక కుళాయి తిప్పితే అప్పుడు తెలుస్తుంది!"

హాలంతా నవ్వింది. పెద్దమేడమ్ నవ్వలేదు.

"నవ్వడానికి బాగానే ఉంటుంది. స్కానింగ్‌లో మీరు చేస్తోంది అదే. నాలుగు గదులు కనబడగానే గుండె బాగుంది అనేసి కాళ్ళూ చేతులూ చూడ్డానికి వెళ్ళిపోతారు."

తర్వాత బోర్డు మీద బొమ్మ గీసింది. గుండె కింది రెండు గదుల్లోంచి రెండు పెద్ద రక్తనాళాలు పైకి వస్తాయి. ఒకటి ఒళ్ళంతటికీ రక్తం తీసుకెళ్తుంది, ఒకటి ఊపిరితిత్తులకి. బయటికి వస్తూ వస్తూ రెండూ ఒకదాని మీదుగా ఒకటి దాటతాయి, కత్తెరలా. పొట్ట మీద ఆనించే ప్రోబ్‌ని బిడ్డ తల వైపు కాస్త వంచితే చాలు, ఆ కత్తెర కనబడుతుంది. అది లేకుండా రెండూ పక్కపక్కనే పోతున్నాయంటే, రావలసిన గదిలోంచి రాలేదని, తారుమారయ్యాయని అర్థం. అప్పుడు కూడా కింద నాలుగు గదులూ ముచ్చటగా, ఏ లోపమూ లేకుండా కనబడతాయి. మోసమంతా అక్కడే ఉంది.

చివరి వరసలో మా వదిన కూర్చుని ఉంది. బిస్కెట్ల పొట్లం ఒళ్ళో పెట్టుకుని, అందరితో పాటు చేతులెత్తి "ఉంది!" అని అరుస్తోంది. ఏడో నెల. మా అన్నయ్య భార్య, బట్టలు కుడుతుంది. క్లాసయ్యాక ఇద్దరం ఉయ్యాల కొనడానికి వెళ్దామనుకున్నాం, అందుకని నాతో పాటే వచ్చింది.

టీ ఇచ్చినప్పుడు దగ్గరికెళ్తే, "కత్తెర గురించి నాకు పాఠం చెప్తున్నారా మీరు? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేతిలో అదేగా," అంది.

"నీకు బోరు కొట్టడంలేదా వదినా?"

"ఎందుకు కొడుతుందే! ఇంటికెళ్ళి మీ అన్నయ్యకి క్లాసు పీకుతా చూడు. గదులెన్ని అంటా. అద్దె ఎంత అంటాడు."

అప్పుడే నా ఫోను మోగింది. మధ్యాహ్నం వేదిక మీద, అందరి ముందు, నిజమైన కడుపు మీద స్కానింగ్ చేసి చూపించాలి. దానికి ఒకామె ఒప్పుకుంది. ఇప్పుడు ఫోను చేసి, పెద్దాడికి జ్వరం, రాలేనని ఒకటే బాధపడిపోతోంది. ఇంతమందిని కూర్చోబెట్టి చివరికి బొమ్మలు చూపించి పంపెయ్యాలా?

"నేనున్నాగా," అంది వదిన, చేతికంటిన బిస్కెట్ పొడి దులుపుకుంటూ. "పడుకోవడమేగా. అంత పెద్ద తెర మీద నా బిడ్డని చూసుకోవచ్చు. సినిమా హీరో అయిపోతాడు."

"నీకు స్కానింగ్ అయిందిగా?"

"ఎప్పుడో అయింది. అంతా బాగుంది, హాయిగా ఇంటికెళ్ళు అంది మీ హడావుడి డాక్టరమ్మ."

హడావుడి డాక్టరమ్మ అంటే మా వీధి మలుపులో స్కానింగ్ సెంటర్ ఆవిడ. మా చుట్టుపక్కల కడుపులన్నీ చూసింది ఆవిడే. మంచి మనిషి. చెయ్యి తేలిక, నోరు తీపి, కానీ ఎప్పుడూ పరుగే. బయట మెట్ల దాకా జనం ఉంటారు మరి. ఈ క్లాసుకి రానంటే రానంది, నేను సెంటర్‌కి వెళ్ళి గుమ్మంలో బైఠాయిస్తే "సరేలేవే, వదిలిపెట్టు" అని ఒప్పుకుంది. ఇప్పుడు రెండో వరసలో కూర్చుని ఉంది.

మామూలుగా ఇలాంటి స్కానింగ్ చూపించే ముందు పెద్దమేడమ్ ఆ తల్లిని పక్క గదిలో ఒకసారి చూస్తుంది. అది ఆవిడ పెట్టుకున్న పద్ధతి. అందరి ముందు ఏ ఆశ్చర్యాలూ వద్దని. కానీ ఆ రోజు మిషన్ నుంచి పెద్ద తెరకి పోయే వైరు మొరాయించింది. నేనూ, ప్రొజెక్టర్ అతనూ దాన్ని పీకి, పెట్టి, మళ్ళీ పీకి, చివరికి చెమటలు కక్కుతూ బొమ్మ తెప్పించేసరికి జనం భోజనాలు చేసి వచ్చి కూర్చున్నారు.

"మేడమ్, మా వదినని ముందోసారి చూస్తారా?"

ఆవిడ గడియారం చూసింది. "స్కానింగ్ అయిందన్నావుగా? బాగుందన్నారుగా?"

"అన్నారు మేడమ్."

"అయితే పద."

వదిన మంచం మీద పడుకుంది. చుట్టూ సగం దాకా పరదా కట్టాం, హాలుకి ముఖం కనబడకుండా. తల పక్కకి తిప్పితే గోడంత తెర మాత్రం ఆమెకి కనబడుతుంది. పొట్ట మీద జెల్ పడగానే, "అమ్మో, చల్లగా ఉందే తూనీగా!" అంది. అది మైకులో పడిపోయి హాలంతా నవ్వులు.

తర్వాత తెర మీద గుండె వచ్చింది. మనిషంత గుండె! నిజంగా బొటనవేలంత కూడా ఉండదు, అక్కడ మాత్రం తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూ, టకటకా కొట్టుకుంటూ. ఎన్నిసార్లు చూసినా నాకు కొత్తే. ఈసారి మా ఇంటి గుండె.

"గదులెన్ని?" అంది పెద్దమేడమ్.

"నాలుగు!" హాలంతా. అందరికన్నా గట్టిగా మంచం మీంచి వదిన. మళ్ళీ నవ్వులు.

"మేడెక్కుదామా?"

"ఎక్కుదాం!"

ప్రోబ్ పట్టుకున్న మణికట్టు కాస్త వంగింది. అంతే, కాస్త. పొద్దుటి నుంచీ వందసార్లు అన్న మాట కదా, కళ్ళు చూసే లోపే నోరు అనేసింది.

"కత్తెర ఉందా?"

ఎవరూ పలకలేదు.

చేతులు సగం దాకా లేచాయి. ముందు వరసలో ఒక నర్సు మణికట్లు ఒకదాని దగ్గరికి ఒకటి వచ్చి, ఆనకుండా ఆగిపోయాయి. అందరి నోళ్ళూ "ఉ" దగ్గర తెరుచుకుని ఉండిపోయాయి. తెర మీద రెండు నాళాలూ పక్కపక్కనే, ఒకదాన్నొకటి చూడకుండా, ఎవరి దారిన వాళ్ళు పోతున్నట్టు నిటారుగా పోతున్నాయి. మూడో వరసలో ఎవరో గుసగుసగా, "మనకి పరీక్ష పెట్టారేమో, వేరే వీడియో వేసుంటారు," అన్నారు. నేనూ అదే అనుకున్నాను! ఆ ఒక్క క్షణం నిజంగా అదే అనుకున్నాను, వైరు తప్పు పెట్టాను, ఇది పొద్దున్న చూపించిన పాత బొమ్మ, వేరే ఎవరిదో గుండె అని. చేతిలో వైరు వైపు చూశాను. వైరు మిషన్‌కే ఉంది. తెర మీద మూలన టైము ఉంది, ఇప్పటి టైము.

"ఏంటి, అందరూ నిద్రపోయారా?" వదిన నవ్వుతూ అంది. "ఉంది అనరేం?"

పెద్దమేడమ్ చెయ్యి కదలడంలేదు.

"ఉంది అనండి," అంది వదిన మళ్ళీ. ఈసారి నవ్వు లేదు. పొద్దుటి నుంచీ చివరి వరసలో కూర్చుని ఆ పాఠమంతా విన్న మనిషి. ఆ మౌనం అంటే ఏంటో అర్థం కావడానికి ఆమెకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అప్పుడు రెండో వరసలోంచి ఒక గొంతు వచ్చింది. చిన్నగా, పొడిగా.

"లేదు."

వదిన తల గబుక్కున అటు తిరిగింది. పరదా అడ్డం ఉంది, మనిషి కనబడదు. కనబడక్కర్లేదు. ఆ గొంతు ఆమెకి తెలుసు. "అంతా బాగుంది, హాయిగా ఇంటికెళ్ళు" అన్న గొంతు అదే.

పెద్దమేడమ్ నా వైపు చూసింది. నేను వైరు పీకేశాను. గోడంత గుండె మాయమైపోయి తెల్ల తెర మిగిలింది.

*

పక్క గదిలో విరిగిన కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వదిన ఒక బల్ల మీద కూర్చుని పొట్ట మీద జెల్ తుడుచుకుంటోంది. ఎప్పుడో పోయింది జెల్. ఇంకా తుడుస్తూనే ఉంది. నేను కాగితం రుమాళ్ళు అందిస్తూనే ఉన్నాను. మా ఇద్దరికీ ఆపడం ఎలాగో తెలియలేదు.

పెద్దమేడమ్ స్టూలు లాక్కుని వదినకి ఎదురుగా కూర్చుంది.

"ముందు ఒక మాట. నీ బిడ్డ ఇప్పుడు, ఈ నిమిషంలో, బాగుంది. లోపల ఉన్నన్నాళ్ళూ దానికేం కాదు. ఊపిరంతా నీ దగ్గర్నుంచే వెళ్తోంది, బొడ్డుతాడు లోంచి."

"బయటికొస్తే?"

"బయటికొచ్చాక దాని ఊపిరి అదే పీల్చుకోవాలి కదా. పీల్చుకున్న గాలి కలిసిన మంచి రక్తం మళ్ళీ ఊపిరితిత్తులకే పోతుంది. గాలి లేని రక్తం మళ్ళీ ఒంటికే పోతుంది. రెండూ కలవవు. పుట్టినప్పుడు ఆ రెంటి మధ్యా ఒక చిన్న దారి తెరుచుకుని ఉంటుంది, అందుకని కాసేపు నెట్టుకొస్తుంది. తర్వాత ఆ దారి దానంతటదే మూసుకుపోతుంది."

వదిన వింటోంది. కళ్ళు మాత్రం ఆవిడ చేతుల మీదే ఉన్నాయి.

"అంటే చొక్కా చేతులు తారుమారు కుట్టేశారన్నమాట," అంది. "కుడి చెయ్యి ఎడమకీ, ఎడమ చెయ్యి కుడికీ. చొక్కా మడత పెట్టి ఉన్నంతసేపూ తెలీదు. తొడుక్కున్నప్పుడు తెలుస్తుంది."

పెద్దమేడమ్ తలూపింది. "అదేనమ్మా. సరిగ్గా అదే."

"విప్పి కుట్టచ్చా?"

"కుట్టచ్చు. పుట్టిన కొద్ది రోజుల్లోనే కుడతారు. చాలామంది పిల్లలు బాగా కోలుకుంటారు. కానీ ఆ చిన్న దారి మూసుకుపోకుండా పుట్టగానే మందు ఎక్కించాలి. గుండె ఆపరేషన్ చేసేవాళ్ళు అదే కప్పు కింద ఉండాలి. మీ వీధి ఆసుపత్రిలో పుట్టి, నీలంగా మారాక ఎందుకో తెలియక, అంబులెన్సులో ఊరంతా తిరిగి వెళ్ళేసరికి..."

ఆవిడ ఆపేసింది. నేను మాత్రం ఆ వాక్యాన్ని మనసులో చివరి దాకా చదివేశాను. మా వదిన కాన్పుకి మాట్లాడుకున్నది మా వీధి ఆసుపత్రే.

"నిన్ను ముందే ఇక్కడ, ఈ గదిలో చూడాల్సింది," అంది పెద్దమేడమ్. "నాలుగు గదులు చూసి బాగుందనకండి అని పొద్దుటి నుంచీ గొంతు చించుకున్నాను. నీ దగ్గరికొచ్చేసరికి, బాగుందన్నారట అంటే నమ్మేశాను. పైగా 'ఉంది' అని అరవడం నేర్పించాను వాళ్ళకి. చూడటం కాదు, అరవడం. నీకు అందరి ముందూ ఇలా తెలియడం నా తప్పు."

గుమ్మంలో నీడ పడింది. హడావుడి డాక్టరమ్మ. లోపలికి రావడంలేదు, వెళ్ళిపోవడంలేదు. ఆ మనిషి ఒక చోట కదలకుండా నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి.

"లోపలికి రండి," అంది వదిన.

వచ్చింది.

"మీ చెయ్యి చాలా తేలికండీ. ఆ రోజు మీరు ఎప్పుడు పెట్టారో ఎప్పుడు తీశారో నాకు తెలియనే లేదు."

డాక్టరమ్మ తలెత్తలేదు. "పైకెళ్ళలేదమ్మా. నాలుగు గదులు చూశాను. నేను చదువుకున్నప్పుడు అంతే చెప్పారు. తర్వాత పైకెక్కి చూడాలన్నారు. విన్నాను. బయట మెట్ల దాకా జనం, కాసేపు ఎక్కువ పడుతుంది కదా అని... ఎప్పుడూ ఎక్కలేదు. ఇందాక ఆ రెండూ పక్కపక్కన కనబడగానే ముందు నువ్వు గుర్తు రాలేదు తల్లీ. నీది నేనే చూశానని కూడా గుర్తు రాలేదు. ఇన్నేళ్ళూ నేను చూసిన కడుపులన్నీ గుర్తొచ్చాయి. అందులో ఎవరెవరికి ఇలా ఉందో! ఎక్కడ పుట్టారో, ఏమయ్యారో!"

పెద్దమేడమ్ కళ్ళు మూసుకుంది.

వదిన ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ చెంప పగలగొట్టినా ఆపేదాన్ని కాదు. వదిన చేతిలో ఉన్న రుమాలు ఉండ చేసి మూల డబ్బాలో వేసింది.

"తూనీగా, ఆ వైరు మళ్ళీ పెట్టు."

"ఏంటి వదినా?"

"ఇందాక అంతమందిలో ఒక్కరే పలికారు. మిగతావాళ్ళకి కనబడలేదా, కనబడినా నోరు రాలేదా?"

"వద్దమ్మా," అంది పెద్దమేడమ్. "నువ్వు పాఠం కానక్కర్లేదు. ఇంటికెళ్ళు. మీ ఆయనతో మాట్లాడు. రేపు నా దగ్గరికి రా."

"ఇంటికెళ్ళి ఏం చెయ్యను, గోడలు చూస్తూ కూర్చోనా? ఎలాగూ చూడాల్సిందేగా మీరు, సరిగ్గా, పూర్తిగా. వాళ్ళనీ చూడమనండి." డాక్టరమ్మ వైపు తిరిగింది. "మీరు పెట్టండి ప్రోబ్. మీ చేత్తోనే కనుక్కోండి."

పెద్దమేడమ్ రెండుసార్లు అడిగింది, నిజంగానే ఒప్పుకుంటున్నావా అని. వదిన రెండోసారికి విసుక్కుంది.

హాల్లో ఎవరూ లేచి వెళ్ళలేదు. టీ కప్పులు కుర్చీల కింద అలాగే ఉన్నాయి, మీగడ కట్టి. వదిన మళ్ళీ మంచమెక్కింది. ఈసారి పరదా కట్టనివ్వలేదు. హడావుడి డాక్టరమ్మ ప్రోబ్ తీసుకుంది. అన్నేళ్ళు తేలిగ్గా ఆడిన చెయ్యి గజగజా వణికిపోతోంది.

"వణికితే బొమ్మ రాదండీ," అంది వదిన. "ఊపిరి పీల్చుకోండి. నేను మొదటిసారి కోటు కత్తిరించినప్పుడు ఇలాగే వణికాను."

నాలుగు గదులు వచ్చాయి. పెద్దమేడమ్ ఏమీ అడగలేదు, ఎవరూ అరవలేదు. డాక్టరమ్మ మణికట్టు పైకి వంగింది. మెల్లగా. చాలా మెల్లగా. గోడ మీద రెండు నాళాలు పక్కపక్కనే.

"అవేనా?" అంది వదిన.

"అవేనమ్మా."

"మళ్ళీ కిందికెళ్ళి పైకి రండి. వెనక వరసలో వాళ్ళకి కనబడిందో లేదో."

వెనక వరసలో వాళ్ళు లేచి ముందుకొచ్చారు. మంచం చుట్టూ మూగారు. ఒక్కొక్కరే, నోరు మెదపకుండా, తెర వైపూ, వదిన వైపూ చూసి తలూపుతున్నారు. ఇందాక మణికట్లు గాల్లో ఆపేసిన నర్సు వదిన పాదం మీద చెయ్యి వేసి, అలాగే ఉంచేసింది. వదిన తెర వైపే చూస్తోంది. ఆమె కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోలేదు.

*

అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. ఏదో లిఫ్టు గోతిలోంచి అలాగే వచ్చేశాడు, చేతులకి గ్రీజు, భుజానికి పనిముట్ల సంచి. గేటు దగ్గర చెప్పాం. సంచి కింద పెట్టలేదు. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. మూడోసారి చెప్తుంటే నా మీదికి వచ్చేశాడు.

"నువ్వెందుకు తీసుకొచ్చావే దీన్ని? ఎవరడిగారు నిన్ను? పొద్దున్న నవ్వుకుంటూ బయల్దేరింది! ఇంకో రెండు మూడు నెలలు నవ్వుకుంటూ ఉండేవాళ్ళం కదే!"

అదే నేనూ లోపల అనుకుంటున్నాను మరి.

"ఉండేవాళ్ళం," అంది వదిన. "నవ్వుకుంటూ ఉండి, చేతిలోకి తీసుకున్న రోజు తెలుసుకునేవాళ్ళం. దాని మీద అరవకు. సంచి కింద పెట్టు, భుజం పడిపోతుంది."

అన్నయ్య సంచి కింద పెట్టాడు. పెట్టి, దాని పక్కనే ఫుట్‌పాత్ మీద కూలబడిపోయాడు. జనం చూస్తూ పోతున్నారు.

వదిన కాసేపు ఆయన తల మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత, "లే, ఉయ్యాల కొట్టు మూసేస్తాడు," అంది.

"ఇప్పుడా?" అన్నాం ఇద్దరం.

"మరెప్పుడు? ఉయ్యాల కొనమన్నారా వద్దన్నారా ఎవరైనా? విప్పి కుట్టచ్చన్నారు. నడవండి."

కొన్నాం. చెక్కది, తెల్ల రంగు. దాన్ని ఆటో పైన కట్టడానికి తాడు ముడులు వేస్తూ అన్నయ్య ఒక్కసారి వెక్కాడు. ఎవరమూ వినలేదన్నట్టు ఉన్నాం.

*

నెలలు నిండకముందే గుండె ఆపరేషన్లు చేసే పెద్దాసుపత్రి పక్కన ఒక గది తీసుకుని ఉన్నాం. పెద్దమేడమ్ అక్కడ అందరితో ముందే మాట్లాడి పెట్టింది.

పాప పుట్టింది.

ఏడ్చింది. ఎంత గట్టిగా ఏడ్చిందంటే బయట కారిడార్లో ఉన్నవాళ్ళం ఎగిరిపడ్డాం. నర్సు గాజు తలుపు అవతల నుంచి చూపించింది. బొద్దుగా, గులాబీ రంగులో, పిడికిళ్ళు బిగించి, కాళ్ళు తన్నుకుంటూ. అన్నయ్య నా చెయ్యి నొక్కేశాడు.

"బాగానే ఉంది కదే! చూడు, ఎంత బాగుందో! పొరపాటు పడ్డారేమోనే వీళ్ళు!"

ఏం చెప్పను? నాకూ అలాగే అనిపించింది. చదువుకున్నాను, నా కళ్ళతో గోడంత తెర మీద చూశాను, అయినా పొరపాటే అయ్యుంటుందని ప్రాణం కొట్టుకుంది.

తర్వాత నేను చూస్తుండగానే పెదవుల రంగు మారింది. ముందు పెదవులు. తర్వాత గోళ్ళు, పెన్ను సిరా అంటుకున్నట్టు. ఏడుపు సన్నబడింది. నాకు అరవాలనిపించింది, "ఎవరైనా చూడండి!" అని. కానీ లోపల ఎవరూ పరుగెత్తడంలేదు. ఎవరూ "ఏమైంది" అనడంలేదు. మందు సీసా అప్పటికే వేలాడుతోంది. ఒకరు చిన్న చేతిలో సూది పెట్టారు, ఒకరు గొట్టం కలిపారు, ఒకరు మిషన్‌ని దగ్గరికి లాగారు. అందరూ ఆ పాప కోసం ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నట్టు.

కారిడార్ చివర బెంచీ మీద హడావుడి డాక్టరమ్మ కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. సెంటర్ మూసేసి వచ్చిందట. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏడుపు విన్నాను," అంది. "గట్టి ఏడుపు. రంగు ఎలా ఉంది పుట్టగానే?"

"గులాబీ రంగు."

ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. "మా వీధిలో పుట్టి ఉంటే నన్నే పిలిచేవాళ్ళు చూడమని. నేను పరుగున వచ్చి, చూసి, బాగుందమ్మా, పాలు పట్టు అని చెప్పి, పరుగున వెళ్ళిపోయేదాన్ని."

నేను ఆవిడని తలుపు దగ్గరికి తీసుకెళ్ళాను. గాజు తలుపు అవతల పాప పెదవులు మెల్లగా, చాలా మెల్లగా, సిరా రంగులోంచి వెనక్కి వస్తున్నాయి.

*

మొదటి వారం దాటకుండానే విప్పి కుట్టారు. ఆ రోజు గురించి రాయలేను. అన్నయ్య ఆ ఆసుపత్రి లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నాడు, ఎక్కడా దిగకుండా. అదొక్కటే గుర్తుంది.

ఇంటికి పంపించే ముందు పెద్దమేడమ్ వచ్చి పాప గుండె మీద ప్రోబ్ పెట్టింది. ఈసారి చిన్న తెరే. వదిన, అన్నయ్య, నేను. హడావుడి డాక్టరమ్మ కూడా, గోడకి ఆనుకుని. ఈ మధ్య ఆవిడ సెంటర్లో మెట్లు దాటి గేటు దాకా జనం ఉంటున్నారు. ఒక్కో కడుపు దగ్గర అంతసేపు కూర్చుంటోందట. మా వీధివాళ్ళు తిట్టుకుంటున్నారు, నెమ్మది డాక్టరమ్మ అయిపోయిందని.

అన్నయ్య ఆగలేకపోయాడు. "కత్తెర వచ్చిందా మేడమ్?"

"రాదు," అంది పెద్దమేడమ్. "ఏది ఎటు పోవాలో అటే పోతోంది ఇప్పుడు, కుట్టడం బాగా కుట్టారు. కానీ కోసి మార్చి కుట్టింది కదా, మనందరికీ ఉన్నట్టు మాత్రం ఎప్పటికీ ఉండదు. పెద్దయ్యాక కూడా, ఏ డాక్టరైనా పైకెళ్ళి చూశారంటే మొదట ఉలిక్కిపడతారు."

వదిన పాప చొక్కా గుండీలు పెడుతోంది. తనే కుట్టింది ఆ చొక్కా, కుట్లు తగలకుండా ముందు వైపు తెరుచుకునేలా.

"పడనివ్వండి," అంది. "చూశారని తెలుస్తుంది."